మంచుబండి వెనక కాళ్ళు

స్నోమొబైల్ చరిత్ర చెప్పమంటే చాలామంది ఇంజను దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే బండిని పక్కకు పడుకోబెట్టి, వెనక రబ్బరు ట్రాకు లోపలికి తల దూర్చి చూడమంటాను. ఇంజను చాలా బండ్లకు ఎక్కడో తయారై వచ్చి కూర్చున్న వస్తువు. సీటు, అద్దం, రంగులు ఏటేటా మారిపోయే సింగారం. వెనకున్న సరంజామా, అంటే ట్రాకు, దాన్ని మంచుకు అదిమిపెట్టే పట్టాలు, చిన్న చక్రాలు, స్ప్రింగులు, కుదుపును అణిచే షాకులు మాత్రం నూరేళ్ళుగా పల్లెటూరి షెడ్లలో జనం కనిపెట్టి, విరగ్గొట్టుకుని, మళ్ళీ అతికించుకుని ఇక్కడిదాకా తెచ్చినవి. మేముండే ఉత్తర మిన్నెసోటాలో ఆ మొత్తాన్నీ స్కిడ్ అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో నాన్న లేతు మిషను పక్కన పెరిగినదాన్ని కాబట్టి నా చూపు ఎప్పుడూ అక్కడికే పోతుంది.

విస్కాన్సిన్ రాష్ట్రంలో సేనర్ అని ఒక చిన్న ఊరు. అక్కడి కార్ల్ ఎలియాసన్‌కు పాదం సరిగా ఉండేది కాదు. చలికాలంలో స్నేహితులు స్కీలు కట్టుకుని వేటకు పోతుంటే తను వెనకబడిపోయేవాడు. 1924లో ఇంటి వెనక గరాజులో కూర్చుని, పొడవాటి చెక్క బల్లకు కింద రెండు స్కీలు తగిలించి, పడవకు వాడే రెండున్నర హార్స్‌పవర్ జాన్సన్ మోటారు పెట్టి, సైకిలు సామాన్లూ ఫోర్డ్ మోడల్ టీ కారు రేడియేటర్ ముక్కా కలిపి ఒక బండి కట్టాడు. 1927లో పేటెంటు వచ్చింది. ఆ బండిలో ఫ్యాక్టరీలో ఈ పనికోసమే చేసిన భాగం ఒక్కటీ లేదు. అన్నీ ఇంకో పనికి పుట్టి, ఈ పనికి మళ్ళించినవే. మన ఆటోనగర్‌లో లారీ ఆక్సిలుతో ట్రాక్టరు ట్రక్కు కట్టే మేస్త్రీలకు ఈ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు.

కెనడాలో క్యుబెక్ రాష్ట్రం, వాల్‌కోర్ట్ గ్రామం. జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అక్కడే 1907లో పుట్టాడు. 15 ఏళ్ళ వయసులో, 1922 చివరి రోజున, పాత ఫోర్డ్ ఇంజనుకు విమానం ఫ్యాను లాంటిది తగిలించి, దాన్ని స్లెడ్జి మీద పెట్టి తమ్ముడితో కలిసి వీధిలోకి తోలాడు. ఫ్యాను రెక్క ఎవరి పీక తెగ్గోస్తుందోనని భయపడి, తండ్రి ఆ బండిని అప్పటికప్పుడు విప్పించాడు. కుర్రాడు మాత్రం ఊరుకోలేదు. 1926లో సొంత గరాజు తెరిచాడు. వేసవి అంతా కార్లు బాగుచేయడం, చలికాలంలో రోడ్లు మూసుకుపోయి గిరాకీ లేనప్పుడు మంచుబండి మీద కూర్చోవడం, ఇదీ వరస.

1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుకు ఈవాన్‌కు అపెండిక్స్ పగిలింది. షెర్‌బ్రూక్‌లోని ఆసుపత్రి దాదాపు 50 కిలోమీటర్లు. రోడ్డు మొత్తం మంచు కింద ఉంది. గరాజులో ఉన్న ప్రయోగాల బండి నడిచే స్థితిలో లేదు. పిల్లాడు దక్కలేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. బండ్లు బాగుచేసే తండ్రి ఇంట్లో, బండి విప్పదీసి ఉన్నప్పుడు, పసివాడు పోయాడు. ఆ తర్వాత ఆ మనిషి పనిచేసిన తీరు చూస్తే నాకది వ్యాపారంలా కనిపించదు.

ఆయన తలకెత్తుకున్న చిక్కు ఇది. మంచు మీద చక్రం కూరుకుపోతుంది. బరువు విశాలంగా పరుచుకోవాలంటే ట్రాకు కావాలి. ఇనప ట్రాకు బరువెక్కువ. రబ్బరు ట్రాకు తడి మంచులో జారుతుంది, గడ్డకడితే చక్రాన్ని పట్టుకోదు. బొంబార్డియే పళ్ళ చక్రానికి రబ్బరు తొడిగి, రెండు రబ్బరు బెల్టులను అడ్డ ఇనప బద్దలతో కలిపి ట్రాకుగా చేసి, ఆ బద్దలను ఈ పళ్ళు పట్టుకుని లాగేలా అమర్చాడు. 1937లో దానికి పేటెంటు దొరికింది. ఆ ఏర్పాటుతోనే ఏడుగురు కూర్చునే బీ7 బండి వచ్చింది. కొన్నది ఎవరనుకున్నారు? పల్లెల్లో రోగుల ఇళ్ళకు తిరగాల్సిన డాక్టర్లు, చర్చి ఫాదర్లు, టపా మోసేవాళ్ళు. తర్వాత పన్నెండుమంది పట్టే బీ12 వచ్చింది.

1948లో క్యుబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద మంచు తీయించాలని చట్టం చేయడంతో పెద్ద బండ్ల అమ్మకాలు పడిపోయాయి. బొంబార్డియే ఒక్కరిద్దరు కూర్చునే చిన్న బండి వైపు మళ్ళాడు. దానికి అతుకుల్లేని రబ్బరు ట్రాకు కావాలి. ఒకే చుట్టుగా పోత పోసిన రబ్బరులో ఇనప కడ్డీలు ఇమిడి ఉండాలి. ఆ పని కుదిరాక 1959లో స్కీ-డూ బజారుకొచ్చింది. మొదటి నమూనాల్లో ఒకటి ఒంటారియో ఉత్తరాన లాన్స్‌డౌన్ హౌస్‌లో ఉండే మిషనరీ ఫాదర్ మోరిస్ ఊయిమెకు చేరింది. అప్పటిదాకా ఆయన ప్రయాణం కుక్కల బండి మీద. ఆ స్కీ-డూకు స్కీలు చెక్కవి, ఇంజను ఏడు హార్స్‌పవర్. విరిగితే ఊరి వడ్రంగి స్కీ చేసిపెట్టగలడు. బండి పుట్టుకలోనే మరమ్మతు ఉందని నేననేది అందుకే.

ఇటు మిన్నెసోటా రోసోలో ఇంకో షెడ్డు. రైతులకు పనిముట్లు చేసే హెట్టీన్ హాయిస్ట్ అండ్ డెరిక్ అనే చిన్న కంపెనీ. 1950ల మధ్యలో అక్కడి డేవిడ్ జాన్సన్ ధాన్యం ఎత్తే కన్వేయర్ బెల్టును ట్రాకుగా వేసి, షెవర్లే కారు బంపరును కోసి స్కీలుగా వంచి, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజను పెట్టి ఒక బండి చేశాడు. ఊళ్ళో కలప అడితివాళ్ళకు దాన్ని 465 డాలర్లకు అమ్మేశారు. పోలారిస్ అలా మొదలైంది. 1960లో ఆ కంపెనీకే చెందిన ఎడ్గార్ హెట్టీన్ ఆ బండ్లతో అలాస్కాలో సుమారు 1900 కిలోమీటర్లు తిరిగొచ్చి, కొన్నాళ్ళకే పోలారిస్ వదిలి థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఇంకో కంపెనీ పెట్టుకున్నాడు. అది ఆర్కిటిక్ క్యాట్.

ఇక వెనక కాళ్ళ సంగతికొద్దాం.

మొదటి తరం బండ్లలో ట్రాకు లోపల బోగీలుండేవి. చిన్న రబ్బరు చక్రాలను జతలుగా ఇరుసులకు తగిలించి, ఒక్కో సెట్టుకు స్ప్రింగులు పెట్టి, రెండు మూడు సెట్లు వరసగా బిగించేవాళ్ళు. ఎగుడుదిగుడు వచ్చినప్పుడు ఏ సెట్టుకాసెట్టు మడతపడి లేస్తుంది. ఒక చక్రం పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. స్ప్రింగు విరిగితే తీగతో కట్టి ఇంటికి చేరొచ్చు. గ్రీజు కొడుతూ ఉంటే ఏళ్ళతరబడి తిరుగుతాయి. వేగం పెరిగితేనే ఇబ్బంది. చక్రానికీ చక్రానికీ మధ్య ట్రాకుకు ఆధారం ఉండదు కాబట్టి గతుకు నేరుగా వెన్నుపూసకు తగులుతుంది.

బోగీల బండ్లు ఎంత గట్టివో చెప్పాలంటే రాల్ఫ్ ప్లెయిస్టెడ్ ప్రయాణం చెప్పాలి. మిన్నెసోటాలో ఇన్సూరెన్సు అమ్ముకునే మనిషి. 1967లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి మధ్యలో వెనక్కొచ్చాడు. మళ్ళీ 1968లో కెనడా కొసనున్న వార్డ్ హంట్ దీవి నుంచి స్కీ-డూల మీద బయల్దేరి, ఏప్రిల్‌లో ధ్రువం చేరాడు. అమెరికన్ వైమానిక దళం విమానం పైనుంచి చూసి అది ధ్రువమేనని నిర్ధారించింది. చివరిదాకా వెళ్ళిన నలుగురిలో ఒకడు వాల్ట్ పెడర్సన్, మెకానిక్. ఇంకొకడు బొంబార్డియే వంశంవాడే, జాన్ లూక్. గడ్డకట్టిన సముద్రం గోడల్లా లేచి విరిగిన చోట్ల బండ్లను ఎక్కించి దించుకుంటూ పోయారు. అలాంటి బాటలో పానా తెలిసిన మనిషి లేకుండా ఎవరూ బతికి బట్టకట్టలేరు. ధ్రువం చేరినవాళ్ళ పేర్లు రాసేటప్పుడు పెడర్సన్ పేరు మొదటి వరసలో రాయాలన్నది నా పట్టుదల.

ఆ రోజుల్లో అమెరికా, కెనడాల్లో ప్రతివాడూ స్నోమొబైల్ చేసేవాడే. 1970ల మొదట్లో వందకు పైగా కంపెనీలుండేవి. ఒక్క 1971లోనే దాదాపు ఐదు లక్షల బండ్లు అమ్ముడయ్యాయి. తర్వాత 1973 చమురు సంక్షోభం వచ్చింది, కొన్నేళ్ళు మంచు సరిగా పడలేదు, కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతబడ్డాయి. 1981లో ఆర్కిటిక్ క్యాట్ కూడా దివాలా తీసి, కొన్నేళ్ళకు మళ్ళీ లేచింది. చివరికి మిగిలినవి నాలుగే: స్కీ-డూ, పోలారిస్, ఆర్కిటిక్ క్యాట్, యమహా.

చరిత్ర పుస్తకాలు ఇక్కడ ఆ నాలుగు కంపెనీల వెంట వెళ్ళిపోతాయి. నేను మాత్రం మూతబడ్డ కంపెనీల బండ్లు కొన్నవాళ్ళ గురించే ఆలోచిస్తాను. కంపెనీ పోయింది, బండి షెడ్డులో ఉంది. స్ప్రింగు ఎవరిస్తారు? బుష్ ఎవరిస్తారు? ఆ అవసరమే ఊరూరా ఇంటి మరమ్మతును పెంచింది. పొలం బండ్ల బేరింగులు పెట్టుకున్నారు. విరిగిన పట్టాకు పక్కన బద్ద వేసి రివిట్లు కొట్టారు. చచ్చిన బండిని పారేయకుండా కొట్టం వెనక నిలబెట్టి, దాని ఎముకలతో ఇంకో రెండింటిని బతికించారు. మా పక్కింటి పెద్దాయన అడవిలో చెట్లు కొట్టి బతికిన మనిషి. ఆయన పెరట్లో అలాంటివి ఇప్పటికీ వరసగా ఉన్నాయి. దేనిలోంచి ఏ భాగం తీశాడో చీటీ చూడకుండా చెబుతాడు.

1960ల రెండో సగం నుంచి బోగీల స్థానంలో స్లైడ్ రెయిలు రావడం మొదలైంది. ఆర్కిటిక్ క్యాట్ లాంటివాళ్ళు ముందు దిగారు, పందేలు దాన్ని ఊరూరికీ పాకించాయి. రెండు పొడవాటి పట్టాలు సమాంతరంగా ఉంటాయి. వాటి అడుగున గట్టి ప్లాస్టిక్ పట్టీలు తొడుగుతారు. ఇక్కడివాళ్ళు వాటిని హైఫాక్స్ అంటారు. ట్రాకు లోపలి ఇనప క్లిప్పులు ఆ పట్టీల మీద జారుతూ పోతాయి. పట్టాలను బండికి కలిపేవి ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి, వాటికి షాకులు, మెలితిరిగే టార్షన్ స్ప్రింగులు. లారీ కమాను కట్టల్లో బరువంతా ఒక్క కట్ట మీద పడకుండా పంచుకున్నట్టే, ఇక్కడ గతుకు దెబ్బ ముందు చెయ్యీ వెనక చెయ్యీ పంచుకుంటాయి.

ఇందులో నాకు ఎప్పటికీ పాతబడని విశేషం ఒకటుంది. ఆ ప్లాస్టిక్ పట్టీకి నూనె, గ్రీజు ఏమీ పెట్టరు. మంచే దానికి నూనె. ట్రాకు ఎగజిమ్మిన మంచు పట్టీల మీద పడి, కరిగి, జారుడునిస్తుంది, చల్లబరుస్తుంది. గట్టి ఐసు మీదో, మంచులేని రోడ్డు మీదో కాసేపు తోలితే పట్టీ వేడెక్కి మెత్తబడి, కరిగి క్లిప్పులకు అంటుకుంటుంది. అందుకే చాలామంది పట్టాలకు స్క్రాచర్లని చిన్న తీగ కొక్కేలు తగిలిస్తారు. అవి ఐసును గీరి పొడి లేపుతాయి.

నా దగ్గరున్నది 1990ల నాటి బండి. పాత యజమాని దాని వెనక భాగానికి గ్రీజు గన్ను చూపించిన దాఖలా లేదు. విప్పాలంటే మొదట వెనక ఇరుసు దగ్గరున్న బోల్టులు వదులు చేసి ట్రాకు బిగువు తీయాలి. తర్వాత టార్షన్ స్ప్రింగు కాలును దాని దిమ్మ మీంచి తప్పించాలి. ఆ కాలు చేతి మీదికి ఎగిరితే వేళ్ళు విరుగుతాయి కాబట్టి ఈ పని తొందరపడి చేసేది కాదు. పక్కకొక పాత దుప్పటి పరిచి బండిని దాని మీదికి వాల్చాలి. ఇక స్కిడ్‌ను బండికి పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు, అటు రెండు, ఇటు రెండు. ఒక పక్క తిప్పితే లోపలి షాఫ్టు మొత్తం తిరుగుతుంది. రెండు పక్కలా రెండు పానాలు పెట్టి, ఒకటి పట్టుకుని ఇంకొకటి తిప్పాలి. నాలుగూ వచ్చేస్తే స్కిడ్ మొత్తం ట్రాకు లోపల్నుంచి బయటికి జారుతుంది.

నా బండిలో ముందు చేతి షాఫ్టు దాని గొట్టంలోనే తుప్పుపట్టి కరుచుకుపోయింది. చెయ్యి ఆడాల్సిన చోట ఆడక, గతుకు దెబ్బంతా వెల్డింగు మీద పడి అక్కడ వెంట్రుకంత పగులు లేచింది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, గొట్టాన్ని టార్చితో వేడిచేసి, పక్కింటి పెద్దాయన హైడ్రాలిక్ ప్రెస్సు మీద పెడితే టప్పుమని ఒక్క కూత కూసి కదిలింది. బయటికొచ్చిన షాఫ్టు మీద ఎర్రటి పొడి, ఒక వైపు అరిగి పల్లం. గ్రీజు ఎక్కించే నిప్పిలు రంధ్రం మట్టితో పూడుకుపోయి ఉంది. షాఫ్టు కొత్తది వేశాను. పగులును సానపట్టి వీ ఆకారంలో గాడి తీసి, మళ్ళీ వెల్డింగు పెట్టించి, దాని మీదుగా చిన్న బద్ద అతికించాం.

చక్రాల బేరింగులు గరగరలాడుతుంటే ఫోనులో నాన్నకు చూపించాను.

"రింగు మీద నంబరు చదవమ్మా," అన్నారు.

"6205, నాన్నా."

"ఇంకేం! లోపల 25, బయట 52, మందం 15. మోటార్లకీ అదే, పంపులకీ అదే. ఏ దేశంలోనైనా అదే కొలత. రెండు పక్కలా రబ్బరు సీలున్నది తీసుకో. చక్రంలోకి దించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తు తల్లీ. లోపలి రింగు మీద కొట్టావంటే గోళీలు నడిచే దారిలో గాట్లు పడతాయి."

మంచు ముఖం చూడని మనిషి మంచుబండికి చెప్పిన వైద్యం అది. పక్కింటి పెద్దాయనకు ఇంగ్లీషులో చెబితే తలాడించి, పాత బేరింగు బయటి రింగునే అచ్చుగా పెట్టి కొత్తదాన్ని లోపలికి ఒత్తాడు. ఆటోనగర్‌లోనూ అచ్చం అలాగే చేస్తారు.

తిరిగి బిగించేటప్పుడు ముందు చెయ్యి బోల్టులు మొదట, వెనకవి తర్వాత. స్కిడ్‌ను బెల్టుతో అదిమి కట్టుకుంటే రంధ్రాలు ఎదురెదురుగా వస్తాయి. ట్రాకు బిగువు ఎంతుండాలో ప్రతి బండి మాన్యువల్లోనూ ఉంటుంది: ట్రాకు మధ్యలో ఇంత బరువు వేలాడదీస్తే పట్టాకూ దానికీ మధ్య ఇంత ఖాళీ రావాలని. వెనకభాగం స్టాండు మీదికెత్తి, వెనక ఎవరూ నిలబడకుండా చూసుకుని, ఇంజను నెమ్మదిగా తిప్పితే ట్రాకు ఎటు లాగుతోందో తెలుస్తుంది. వదులుగా ఉన్న పక్కకే అది పోతుంది. క్లిప్పులు ఏ పట్టాకు ఆనుకుంటున్నాయో ఆ పక్క బోల్టును కొద్దికొద్దిగా బిగిస్తూ మధ్యకు తేవాలి.

మాకు ఈ మరమ్మతు ఇష్టంతో చేసే పని. ఉత్తర ఫిన్లాండ్‌లో రెయిన్‌డీర్లు మేపుకునే స్కోల్ట్ సామీలకు అది బతుకుతెరువు. 1960ల మొదట్లో సెవెట్టియార్వికి స్నోమొబైల్ వచ్చింది. పదేళ్ళలోపే మంద తోలాలంటే అది తప్పనిసరైంది. మానవశాస్త్రవేత్త పెర్టీ పెల్టో అక్కడుండి చూసి 1973లో పుస్తకం రాశాడు. పెట్రోలు, విడిభాగాల ఖర్చు భరించగలిగిన ఇళ్ళు నిలబడ్డాయి, లేనివాళ్ళు మందలు వదులుకున్నారని ఆయన చూపించాడు. సొంతంగా బాగుచేసుకుంటే ఆ ఖర్చు తగ్గుతుంది కాబట్టి, ఆ పని చేతకావడం, చేతకాకపోవడం ఒక ఇంటి జాతకాన్నే మార్చేసిందన్నమాట. మన దేశంలోనూ ఈ మరమ్మతు అవసరం ఉంది. సియాచిన్‌లో సైన్యం వాడే స్నో స్కూటర్లు ఈ జాతి బండ్లే. సైన్యపు వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగానికి పెద్ద శిక్షణ కేంద్రం ఒకటి సికింద్రాబాద్‌లో ఉంది.

1980 ప్రాంతంలో పోలారిస్ ఇండీ ముందు సస్పెన్షన్‌ను మార్చేసింది. ఆ తర్వాత మిన్నెసోటాలోని ఈవ్‌లెత్‌లో ఫాస్ట్ అనే చిన్న కంపెనీ ఎం-10 అని విడిగా కొని బిగించుకునే వెనక స్కిడ్ తెచ్చింది. కంపెనీ ఇచ్చిన స్కిడ్ తీసేసి, నచ్చింది తెచ్చి ఇంట్లోనే బిగించుకునే అలవాటు దానితో ఇంకా పెరిగింది. ఈ మధ్య కొత్త బండ్లలో షాకుల బిగువును ఎలక్ట్రానిక్ మీటతో మార్చుకోవచ్చు. సుఖంగా ఉంటాయి, కాదనను. నా అభ్యంతరమల్లా వెల్డింగు పెట్టి మూసేసిన షాకుల మీద. లోపల సీలు ఒక్కటి పోతే షాకు మొత్తం చెత్తలోకే. విప్పి సీలు మార్చి గ్యాసు నింపుకునే షాకులు చేయడం కంపెనీలకు చేతకాక కాదు, అవి కూడా బజార్లో ఉన్నాయి. ఒక తండ్రి పల్లెటూరి గరాజులో మొదలుపెట్టిన బండిని విప్పనివ్వకుండా మూసేయడం అన్యాయం. యమహా 2023లో ఈ వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది. ఇంకో తరం బండ్లు అలా అనాథలవుతున్నాయి. వాటిని బతికించేది మళ్ళీ ఇంటి గరాజులే.

మంచు దేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళు పాత బండి కొనేటప్పుడు ఇంజను చప్పుడు విని డబ్బులిచ్చేయకండి. బండి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ప్లాస్టిక్ పట్టీ అరుగుదల గీతదాకా వచ్చిందేమో చూడండి. చక్రాలు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చెవి పెట్టండి. ముందు చెయ్యి వెల్డింగు మీద గుడ్డతో తుడిచి పగులుందేమో వెతకండి. కొన్నాక నిప్పిళ్ళన్నిటికీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది కొట్టండి. ఈ పనంతా అక్టోబరులోనే ముగించండి. మంచు పడ్డాక చల్లటి షెడ్డులో, గ్లౌజులతో, ఆ నాలుగు బోల్టులు విప్పడం రెండింతల కష్టం.